నడిమి తలుపు

"పోరలు ఆంధ్రోళ్ల ఇండ్లేవని దిల్‌సుఖ్‌నగరంత తిరుగుతుండ్రు. నువ్వేమో బొమ్మరిల్లు కడుతున్నవ్!" పెరటివైపు నుంచి వచ్చిన ఇంటి ఓనరు ఎలీశమ్మ కసిరింది.

"కర్ఫ్యూలో ఆయన ఆఫీసులోనే చిక్కుకుపోయారండీ. ఊరికే కూర్చోలేక ఇది పెట్టుకున్నా." ఆంధ్ర నుంచి వచ్చి అద్దెకుంటున్న కుసుమకుమారి అగ్గిపుల్లకు మైదా జిగురు రాసి అట్టగోడకు అంటించింది.

ఎలీశమ్మ వంగి చూసింది. "గిది మన ఇల్లే గదనే! మా దిక్కు, మీ దిక్కు... మరి నడిమి తలుపేది?"

"అటునుంచి మీరు గొళ్లెం పెట్టుకుంటారుగా. నాకది ఎప్పుడూ గోడేనండీ."

ఎలీశమ్మ పక్కనున్న బ్లేడుతో అట్టగోడను మూడు వైపులా కోసి, వేలితో తలుపులా తోసి, లేచి వెళ్లిపోయింది.

కాసేపటికి గోడ అవతల గొళ్లెం కిర్రుమంది. తలుపు మాత్రం కదల్లేదు.

"నీ దిక్కు ఏం అడ్డం పెట్టినవే? జర జరుపు!"

కుసుమ సిగ్గుపడుతూ ట్రంకుపెట్టె లాగింది.