మంత్రిగారికి రాని భాష

మంత్రిగారికి మా లోజీ భాష రాదన్నారు. అందుకే బడిపంతులునైన నన్ను, జనం మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పమని ఆయన పక్కన నిలబెట్టారు.

నొసికు వదిన ముందుకొచ్చి ఇసుకలో మోకరిల్లింది. పెద్దల ముందు మేమంతా కొట్టినట్టే మెల్లగా చప్పట్లు కొట్టి మొదలుపెట్టింది.

"ఈయన రిబ్బను కత్తిరించిన వంతెన మొదటి వరదకే పోయింది. దాంతోపాటు మీ అన్నా పోయాడు. ఆ సిమెంటు ఎవరు తిన్నారో అడుగు, లికాండో. జవాబు చెప్పేదాకా నేను లేవనని చెప్పు."

రాజధాని నుంచి వచ్చిన పార్టీ కుర్రాళ్లు నా మొహమే చూస్తున్నారు. కిందటి నెల రేడియోలో ఇదే అడిగిన పడవవాడు ఇంకా ఇల్లు చేరలేదు.

"వంతెన కట్టించినందుకు దండాలు చెబుతోంది సార్," అన్నాను ఇంగ్లీషులో. "ఇంకోటి కావాలంటోంది."

మంత్రిగారు చిరునవ్వుతో తలూపారు.

"అంత చెబితే రెండు ముక్కల్లో తేల్చేశావేం?" అంది వదిన. "ఆయనేమంటాడు?"

"విచారణ వేయిస్తానన్నారు వదినా. ఇక లే."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. నాకే దండం పెట్టి వెళ్లింది.

కారెక్కబోతూ మంత్రిగారు నా భుజమ్మీద చెయ్యేశారు. చెవి దగ్గరికి వంగి, అచ్చం మా ఏటి ఒడ్డు లోజీలో అన్నారు:

"సొంత అన్న చావు భలే మింగేశారు, మాస్టారూ. ఆ విచారణ మాట ఇంకా బాగుంది. ఇకనుంచి ప్రతి సభకీ మీరే రావాలి."