అవ్వ వేలు

"మా తర్వాతి ట్యాబ్‌లో మీకేం కావాలి?" అని కంపెనీవాళ్లు నా ఫోన్‌కు ప్రశ్నలు పంపారు. ఇంకా పలుచగా ఉండాలా, కెమెరా మెరుగవ్వాలా? నాకు కావలసింది ఒకటే. మా సారమ్మవ్వ వేలు పెడితే పేజీ కదలకూడదు.

రేపు జమ్మలమడుగు చర్చిలో అవ్వ కీర్తన చదవాలి. ఎన్నో ఏళ్లుగా చదివేది ఆమే. చూపు ఆనకపోతే ఇంకొకరికి ఇస్తామని ఈమధ్య సంఘ పెద్దలు అన్నారు. అందుకే పెద్ద అక్షరాల కోసం ప్రొద్దుటూరు వెళ్లి, అంగట్లో ఉన్నవాటిలో మంచి ట్యాబ్ కొన్నాను. అవ్వేమో ప్రతి మాట కింద వేలు ఆనిస్తుంది. పేజీ ఎగిరిపోతుంది. నేను వెనక్కి తెస్తాను. మళ్లీ వేలు.

"వేలు తియ్యవ్వా," అన్నాను విసుగ్గా.

"వేలు పెట్టకుంటే వరుస తప్పతాది పాపా. చిన్నప్పటి నుంచి ఇట్లే చదువుతాండా. ఇంత దుడ్లు పోసి, ముట్టుకుంటే ఉలిక్కిపడేదాన్ని తెచ్చినావే."

ఇక చెప్పలేక, ఫోన్ తీసి కంపెనీకి కోపంగా జవాబు రాస్తూ కూర్చున్నాను. పక్కన అవ్వ చదువుతూనే ఉంది. ఒక్క మాటా తడబడలేదు.

తలెత్తి చూస్తే, ఛార్జింగ్ అయిపోయి ట్యాబ్ ఆరిపోయి ఉంది. నల్లటి అద్దం మీద అవ్వ వేలు మెల్లగా జరుగుతోంది.

"అక్షరాలు బాగా కనిపిస్తాండాయా అవ్వా?"

"శానా బాగా," అంది అవ్వ, వేలు తీయకుండానే.

రాసిన జవాబు చెరిపేశాను. రేపు ఆపేసిన ట్యాబ్‌నే అవ్వ చేతికిస్తాను. పేజీ కదలదు.