చేతికి తెలియని పిస్టల్

“వెనక్కి తన్నిందా వదినా?” చెవులకున్న మఫ్‌లు తీస్తూ అడిగాడు దేవదానం.

“లేదు,” అంది సలోమి.

అమెరికాలో, హెర్న్‌డన్ దగ్గర తుపాకుల షాపు వెనక షూటింగ్ రేంజ్‌లో, పొద్దుట్నించి ఆమె పేల్చిన నాలుగో పిస్టల్ అది. చిన్నవి మణికట్టుని తన్నాయి. తన్ననివి బరువుకి హాండ్‌బ్యాగులో ఇమడలేదు. ఇది మాత్రం అరచేతిలో సరిపోయింది.

“పాయింట్ టూ ఫైవ్ సైజు గుండు, మేడమ్. పేలినట్టు చేతికి తెలియనే తెలియదు,” అన్నాడు షాపు ముసలాయన.

“ఇదే తీసుకుందాం వదినా. పర్మిట్ ఎలాగూ వచ్చింది. డ్యూటీ నుంచి నువ్వు ఒక్కదానివే డ్రైవ్ చేసుకొచ్చినా మాకు బెంగ ఉండదు.”

ఆ అంకె సలోమి ఇదివరకే విన్నది. కిందటి నెల పార్కింగ్ లాట్‌లో పర్సు కోసం ఎవడో ఆమె భర్త ప్రేమానందాన్ని కాల్చేశాడు. నర్సు కదా అని సర్జన్ ఆమెతో దాపరికం లేకుండా చెప్పాడు, ఎంత చిన్న గుండో. ఆ రోజు నుంచి ఆమెకి ఏడుపు రాలేదు. చర్చివాళ్లు చుట్టూ చేరి ప్రార్థించినా రాలేదు.

“మీ అన్నయ్యకి తగిలిందీ ఇదే కదా, దేవదానం?”

అతను అవునన్నట్టు తలూపాడు.

“కాల్చినవాడి చెయ్యి కాస్తయినా అదిరి ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ,” అంది సలోమి. “వాడికి తెలియనే లేదన్నమాట.”

పిస్టల్ బల్ల మీద పెట్టి, ముసలాయన వైపు తిరిగింది.

“పేలిస్తే నా చేతికి నొప్పి పుట్టేది ఇవ్వండి.”