పదకొండుంపావు ఎండ

ప్రవల్లిక కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి, తన కారు నిలిపే చోట ఎవరో పెద్దాయన గొంతుక్కూర్చుని సుద్దముక్కతో గడులు గీస్తున్నాడు.

హారన్ కొట్టింది.

ఆయన మోకాలు పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

"పొద్దున్నే ఇదొకటి," అని గొణుక్కుంది ప్రవల్లిక.

"తెలుగువాళ్ళా అమ్మా? అయితే చెప్పడం సులువు," అన్నాడాయన. "ఈ చలికాలం కారు ఇంకోచోట పెట్టుకుంటారా?"

"ఎందుకండీ? ఇది మా స్లాట్. నంబరు కూడా రాసి ఉంది."

"నంబరు చూశాను. ఎండాకాలం సూర్యుడు అదిగో, ఆ వాటర్ ట్యాంకు వైపు లేస్తాడు. ఇప్పుడు మెట్రో పట్టాల వైపు జరిగిపోయాడు. డిసెంబరొస్తే మీ వాకిట్లో ఎండ పడేది ఇక్కడొక్కచోటే. ఎదుటి రెండు బ్లాకుల మధ్య సందులోంచి పదకొండుంపావుకి వస్తుంది. ముప్పావుగంట ఉంటుంది."

"కారు మీద ఎండ పడితే ఏమవుతుందండీ?"

"కారుకేమీ కాదమ్మా. అదే నా బాధ."

ప్రవల్లికకి ఒళ్ళు మండింది. ఢిల్లీ ద్వారకలో మనిషి ఇల్లు లేకుండా అయినా బతుకుతాడు గానీ పార్కింగ్ లేకుండా బతకలేడు. ఈయనెవరో దాన్ని కాజేయడానికే వచ్చాడనుకుంది.

కారు తెచ్చి గడుల మీదే నిలిపింది. ఆయన్ని ఫోటో తీసి అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "ఠీక్ హై మేడమ్, చూసుకుంటాం," అని సెక్రటరీ జవాబిచ్చాడు. మర్నాటి నుంచి పెద్దాయన్ని గేటు దగ్గరే ఆపేశారు.

ఇంట్లో ఆమె దిగులు ఆమెకుంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తల్లి అన్నపూర్ణేశ్వరిని అక్టోబరులో కాకినాడ నుంచి తెచ్చుకుంది. రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టి నడిపించమన్నాడు డాక్టరు. దీపావళి దాకా వాళ్ళ గ్రౌండ్ ఫ్లోర్ ఇంటి వరండాలో ఎండ ఉండేది. తర్వాత ఎదుటి బ్లాకు నీడ రోజుకింత ముందుకొచ్చి, గుమ్మమెక్కి, ఇల్లంతా తనదే చేసుకుంది.

డిసెంబరులో ఆవిడ మంచం దిగడం మానేసింది.

"తెల్లారిందా?" అని అడిగేది దుప్పటిలోంచి.

"ఏడున్నరయిందమ్మా."

"నేనడిగింది టైము కాదు. మన కాకినాడలో ఆరున్నర దాటితే చాలు, ఎండ మంచందాకా వచ్చి లేపేది. ఒక్కసారి వీపుకి తగిలితే నేనే లేచి నడుస్తానే."

ప్రవల్లిక హీటరు కొంది.

"ఇది వేడే గానీ ఎండ కాదు," అంది తల్లి, అటు తిరిగి పడుకుని.

ఇలాగే ఉంటే అమ్మ ఇక లేవదేమోనని ప్రవల్లికకి భయం పట్టుకుంది.

జనవరి మొదటి వారంలో కారు సర్వీసింగుకి వెళ్ళింది. ప్రవల్లిక రోజూలాగే ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తోంది.

"అమ్మాయ్," అని పిలిచింది తల్లి, కిటికీలోంచి చూస్తూ. "అది ఎండేనా?"

ఖాళీ స్లాట్‌లో చాపంత ఎండ పడి ఉంది.

ప్రవల్లిక పరుగున వెళ్ళింది. ఇన్నాళ్ళూ కారు కింద ఉన్నందుకు సుద్దగీతలు చెరగలేదు. ఒక గడిలో 'డిసెంబరు 15, 11.15' అని ఉంది. రెండోదాంట్లో 'జనవరి 5, 11.25'. మూడోది గడి కాదు, తమ గుమ్మం వైపు చూపించే బాణం. పక్కన 'ఫిబ్రవరి 12 నుంచి ఇంట్లోకే' అని రాసి ఉంది.

రెండో గడిలో కుర్చీ వేసి తల్లిని నడిపించుకుని వచ్చింది. ఆవిడ వీపు ఎండకి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ఇవెవరు గీశారే?" అంది కాసేపటికి, కళ్ళు తెరిచి గీతలు చూస్తూ.

ప్రవల్లిక చెప్పింది. గ్రూపులో ఫోటో పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

"ఆయన్నోసారి పిలవవే. కాఫీ ఇద్దాం."

"ఆదివారం పిలుస్తానమ్మా."

అయిదు ఆదివారాలు గడిచాయి. పిలవాలనే ఉంది, మొహం చెల్లలేదు. కారు మాత్రం మళ్ళీ ఆ చోట పెట్టలేదు. తల్లి మొదట వాకర్ పట్టుకుని గడి దాకా వెళ్ళింది, తర్వాత గడి చుట్టూ తిరిగింది.

ఫిబ్రవరి పన్నెండున ఎండ నిజంగానే గుమ్మంలోకి వచ్చింది.

ఆ సాయంత్రం పెద్దాయన ఇల్లెక్కడో వాచ్‌మన్ని అడిగి తల్లీకూతుళ్ళిద్దరూ పక్క సొసైటీకి వెళ్ళారు. తలుపు తీసినావిడ ఆయన కూతురు ఉమారాణి.

"నాన్నగారు లేరండీ. రిపబ్లిక్ డే మర్నాడు గుండెపోటు వచ్చింది."

ప్రవల్లిక, "ఆయన్ని గేటు దగ్గర ఆపించింది నేనే," అంది.

"ఏటా ఎవరో ఒకరు ఆపిస్తూనే ఉన్నారు లెండి. కారు తీసినవాళ్ళు మాత్రం మీరే మొదలు. అమ్మగారు ఎండలో కూర్చోవడం గేటు బయటి నుంచి చూశారట. ఆ రోజు ఆ మాటే నాలుగుసార్లు చెప్పారు."

కారు సర్వీసింగుకి వెళ్ళిందని చెప్పడానికి ప్రవల్లికకి ధైర్యం చాల్లేదు.

"అంతదాకా వచ్చి లోపలికి రాలేకపోయారా," అంటూ అన్నపూర్ణేశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా మీద ఆయనకెందుకమ్మా అంత పట్టింపు?"

ఉమారాణి తల వంచుకుని నెమ్మదిగా అంది.

"ఢిల్లీకొచ్చిన కొత్తలో, ఇక్కడ చలికాలపు సూర్యుడు ఎంత కిందికి దిగుతాడో తెలియక, మచిలీపట్నం ఎండ లెక్కతో మీ బ్లాకుల్ని ప్లానులో అంత దగ్గరగా గీసింది మా నాన్నగారేనండీ."