డిస్‌తో ఐదు మాటలు

1989 జూన్ పన్నెండు. జొన్నరొట్టె, పుంటికూర తిని చెయ్యి కడుక్కుంటుంటే పర్వతాలు సారు తన మనవరాలిని నా దగ్గరికి ట్యూషన్‌కు తీసుకొచ్చాడు. ఇంగ్లీషు రాదని చిన్నప్పుడు క్లాసంతా నవ్వేలా నన్ను కొట్టిన సారే. ఆయన ఇంటి బిడ్డ నా ముందు నోరు మెదపలేక నిలబడాలని ఇన్నేళ్లు కోరుకున్నాను.

"డిస్‌తో మొదలయ్యే ఐదు మాటలు, అర్థాలు చెప్పు," అన్నాను, తాత ముందే.

"డిస్‌లైక్ అంటే ఇష్టం లేకపోవుడు. డిసొబే అంటే మాట ఇనకపోవుడు..."

అక్కడ ఆగిపోయింది. అడగకముందే చెయ్యి బోర్లా చాపింది. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి.

"గట్ల చూస్తవేందిరా ఫక్రుద్దీన్? నీ లెక్కనే మొద్దు గిది. కొట్టు!"

"చెయ్యి దించు బిడ్డా. లోపలికి పోయి కూసో." సారు వైపు తిరిగాను. "మీరు బయటనే ఉండుండ్రి సార్. ఇగ ఈ పిల్లకు నేను చెప్త."

ఆయన ముఖం మీదే తలుపు మెల్లగా మూశాను.