బావగారి ఏసీ జాగ్రత్తలు

ఫిల్టరు ఊడదీసి బకెట్లో ముంచగానే నీళ్ళు కషాయంలా తయారయ్యాయి. దుర్గారావు ముక్కు మూసుకున్నాడు. అమలాపురంలో ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచెయ్యడం మొదలుపెట్టి పదిహేనేళ్ళయింది గానీ, కొని రెండు నెలలు కాని మిషన్లోంచి ఇంత మురికి కారడం ఎన్నడూ చూడలేదు.

"ఈ గదిలో చుట్ట కాలుస్తున్నారాండీ?" అనడిగాడు.

మంచమ్మీదున్న పోలిరాజు తల కూడా తిప్పలేదు. బనీను పొట్ట మీదికి ఎగదోసుకుని, ఆ పొట్ట మీద రిమోటు పెట్టుకుని పడుకున్నాడు. పక్కన పళ్ళెంలో చేపముళ్ళు, వాటి మధ్య గుచ్చి ఆర్పిన చుట్టపీక. చల్లదనం పోతుందని ఇరవై రోజులుగా కిటికీ తెరవనివ్వలేదట. నీసు, పొగ, చెమట మూడూ కలిసి గోడలకి పట్టేశాయి.

"నీకెందుకవి? చల్లగా రావట్లేదు. వచ్చేలా చెయ్యి," అన్నాడు.

ఇంటాయన సుబ్బరాజు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోలిరాజు ఆయన అక్కగారి భర్త. నాలుగు రోజులుండి పోదామని కాట్రేనికోన నుంచి వచ్చాడు, ఏసీని చూశాడు, ఇక కదల్లేదు.

"బావగారండీ, కాఫీ తెమ్మంటారాండీ?"

"తెమ్మను. పొద్దుటిలా నీళ్ళు కలిపి కాదు."

"ఆయ్," అన్నాడు సుబ్బరాజు.

ఆ 'ఆయ్' వినేసరికి దుర్గారావుకి ఒళ్ళు మండింది. బకెట్ పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

వంటింటి వెనక రేకుల పంచలో ఓ అమ్మాయి పీట మీద కూర్చుని చదువుకుంటోంది. మెళ్ళో తడి తువ్వాలు. చేతి చెమటకి పుస్తకం అంచులు ఉబ్బిపోయాయి. సుబ్బరాజు కూతురు ప్రసన్న.

"ఈ సెగలో చదువేంటమ్మా? లోపల గది లేదా?"

"అదే నా గదండి. పైన స్లాబు వేడికి చదవలేకపోతున్నానని నాన్నగారు ఏసీ పెట్టించేరు. ఎంసెట్‌కి తొమ్మిది రోజులే ఉందండి. పోయినేడాది కొద్దిలో సీటు తప్పిపోయింది. ఈసారీ రాకపోతే డిగ్రీలో చేరిపొమ్మన్నారు."

"మరి మీ మావయ్యగారితో ఆ ముక్క చెప్పొచ్చుగా?"

"అలా చెప్పకూడదంటండి," అని పేజీ తిప్పింది.

ఫిల్టరు బిగించి వీధి అరుగు మీదికి వచ్చేసరికి సుబ్బరాజు మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చాడు.

"రాజుగారూ, అనకూడదు గానీ, పిల్ల పెరట్లో ఉడికిపోతుంటే ఆయన్ని ఆ గదిలో ఎందుకుంచారండీ? వెళ్ళమని చెప్పండి."

సుబ్బరాజు వినకూడని మాట విన్నట్టు చూశాడు.

"ఇంటికొచ్చిన బావగారిని ఎప్పుడెళ్తారని అడుగుతామాండీ? హాల్లో పడుకోండనడం కూడా వెళ్ళమన్నట్టే అవుతుందండి. మా నాన్నగారి హయాంలో మా మేనత్తగారి మరిదిగారు ఏడాదిన్నర ఉన్నారు. అడగలేదండి."

"అయితే మీ ఇష్టం. మిషను సంగతి వినండి. ఆపేటప్పుడు రిమోటుతోనే ఆపాలి, గోడ స్విచ్చి టక్కున కట్టెయ్యకూడదు. ఆపిన మూడు నిమిషాల దాకా మళ్ళీ వెయ్యకూడదు."

"మిషను సంగతి అలా ఉంచండి. మనిషికి ఏం పడదో చెప్పండి. బావగారికి అరవై దాటేయి," అంటూ సుబ్బరాజు గ్లాసు చేతికిచ్చి, జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు.

దుర్గారావు నోరంతా చేదయింది. కన్నకూతురు ఏమైపోయినా ఫర్లేదు, చుట్టపీకల బావగారికి మాత్రం జలుబు చెయ్యకూడదు.

"పదహారు మీద పెట్టి రాత్రంతా వదిలెయ్యకండి. కీళ్ళు పట్టేస్తాయి. ఇరవై ఆరు చాలు."

"పదహారు," అని రాసుకున్నాడు సుబ్బరాజు. "గాలి మాటేంటండి?"

"ఆ రెక్కలు ఆడుతూ ఉండాలి. ఒకచోట ఆపేసి గాలి తిన్నగా నెత్తి మీదికి వదిలితే పొద్దుటికి మెడ తిరగదు."

"నెత్తి మీదికేనాండీ, మెడ మీదికా?"

"ఎక్కడైనా ఒకటేనండి."

"తలంటు పోసుకుని వచ్చి కూర్చుంటేనో?"

"తడి తలతోనా? రొంప ఖాయం. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి. దుమ్ము పట్టిందంటే దగ్గు వదలదు."

"దుమ్ము దానంతటది పట్టాలంటే ఎన్నాళ్ళు పడుతుందండి?"

ఇంత శ్రద్ధ కూతురి మీద ఉంటే ఈ పాటికి ఆ పిల్ల ఇంజనీరయ్యేది, అనుకున్నాడు దుర్గారావు. మజ్జిగ గుటక వెయ్యబుద్ధి కాలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి, సంచి తగిలించుకుని బండెక్కాడు.

ఐదో రోజు కొట్లో ఫోను మోగింది.

"దుర్గారావు గారేనాండీ? నేను సుబ్బరాజునండి. బావగారికి ఒంట్లో బాగోలేదు. మెడ పట్టేసింది. రాత్రంతా ఒకటే దగ్గు, ముక్కు కారిపోతోంది."

దుర్గారావుకి తిక్క రేగింది. ఇక తప్పంతా తన పని మీదికి నెట్టేస్తారన్నమాట.

"దానికి నేనేం చెయ్యనండీ? జాగ్రత్తలన్నీ చెప్పాను. మీరు రాసుకున్నారు కూడాను."

"ఆయ్, రాసుకున్నానండి. కాగితం చేతిలోనే ఉంది. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదండి."

"మరైతే ఆయన్ని ఆ గదిలోంచి బయటికి తీసుకురండి ముందు."

"రానంటున్నారండి. అంత దగ్గులోనూ అక్కడే హాయిగా ఉందంటున్నారు. అమ్మాయి పరీక్ష నాలుగు రోజుల్లోకి వచ్చేసింది." సుబ్బరాజు గొంతు తగ్గించాడు. "అందుకే ఫోను చేశానండి మీకు."

"ఎందుకు?"

"మీరు చెయ్యొద్దన్నవన్నీ చేసేశామండి, ఇంకేమైనా ఉన్నాయాండీ?"