శనివారం పావుగంట

గౌరీశ్వరి గాజువాకలో ఆ అద్దె ఇంట్లో చేరి నాలుగు నెలలైంది. భర్త సింహాద్రి సరుకు ఓడ మీద పనిచేస్తాడు. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తాడు. వారం మొత్తంలో ఆమెతో ఎవరైనా నింపాదిగా మాట్లాడేది ఆ పావుగంటే.

ఆ శనివారం రౌటర్ మీద ఎర్రలైటు వెలిగింది. స్విచ్ ఆపి మళ్లీ వేసింది. వైరు పీకి మళ్లీ పెట్టింది. ఎర్రలైటు పోలేదు. తొమ్మిది కావస్తోంది. నెట్ ఇచ్చిన కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే తిరుమలరావు ఎత్తాడు.

"నెట్ రావట్లేదండి. ఏటైందో సూత్తారా?"

"అదేటమ్మా! సాయంత్రం మీ ఇంట్లోంచే కదా ఫోన్ సేసి ఆపించీసారు?"

"మా ఇంట్లో నానొక్కదాన్నేనండి. ఎవలు సేసారు?"

"ఎవరో పెద్దావిడమ్మా. 'మా పిల్ల ఆ ఫోన్లోనే మాటాడతాది. నాతో ఒక్క మాటా ఆడదు. తీసీ బాబూ' అని ఒకటే ఏడుపు. సర్లెండి, ఇప్పుడే ఇచ్చేత్తన్నాను."

రౌటర్ మీద లైటు పచ్చగా మారింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికి సింహాద్రి కాల్ మోగింది. గౌరీశ్వరి చెయ్యి ఫోన్ దాకా వెళ్లి ఆగిపోయింది. అది మోగి మోగి ఊరుకుంది.

చీకటిగా ఉన్న వంటింటి వైపు తిరగకుండానే, ఆమె అడిగింది.

"అన్నం తిన్నారా?"

వంటింట్లో ఒక కంచం పెట్టిన చప్పుడైంది. కాస్త ఆగి, దాని పక్కనే ఇంకొకటి.